మాపు అనగా సాయంకాలము

మా భవనం చీపురుతో శుభ్రపడే స్థాయి దాటిపోయింది. ఇప్పుడు దాన్ని పదాలతో శుభ్రం చేస్తున్నాం. ఆ పదాలు తయారుచేసిన సంఘానికి నేను సభ్య కార్యదర్శిని కాబట్టి అభిప్రాయం చెప్పే హక్కు నాకు లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. మధ్యలో నవ్వొస్తే అది మీ పూచీ.

మాది ఉత్తరాంధ్రలో ఒక జిల్లా కేంద్రం. ఊళ్లో చెట్టుకొకటి పుట్టకొకటిగా ఉన్న ప్రభుత్వ కార్యాలయాలన్నిటినీ ఒక్కచోటికి చేర్చి, నల్ల గ్రానైటు నేలతో పెద్ద భవనం కట్టారు. నేల ఎంత నున్నగా ఉంటుందంటే, అర్జీ పట్టుకుని వచ్చిన రైతు అందులో తన మొహం చూసుకుని, నేనింత దిగాలుగా ఉన్నానా అని ఇంకాస్త దిగాలు పడతాడు. ఆ భవనాన్ని చూసుకోవడానికి నిర్వహణ విభాగం ఉంది. విభాగాన్ని చూసుకోవడానికి సంచాలకులు అనంతశయనం గారున్నారు. ఆయన్ని చూసుకోవడానికి నేనున్నాను. నేల చూసుకోవడానికి మాత్రం కాంట్రాక్టరు పెట్టిన ఆడవాళ్లు కొందరున్నారు. వాళ్లలో సూరీడమ్మ పెద్దది. వయసులోనూ, గొంతులోనూ.

ఇలా ఉండగా రాజధాని నుంచి ఒక ఉత్తర్వు దిగింది. రాష్ట్రంలోని ప్రభుత్వ భవనాలకు శుభ్రతను బట్టి నక్షత్రాలు ఇవ్వదలిచారట. కానీ తనిఖీకి వెళ్లిన వాళ్లకు పెద్ద చిక్కు వచ్చిపడిందట. ఒకచోట చీపురు అంటారు, ఒకచోట పొరక అంటారు, ఇంకోచోట చీపురుకట్ట అంటారు. పేరే ఒకటి కానప్పుడు శుభ్రతను ఎలా పోల్చడం? కాబట్టి ముందు ప్రతి భవనమూ తన పరిభాషను తాను స్థిరపరచుకోవాలి. మార్కుల్లో ముప్పాతిక వంతు పరిభాషకు. మిగిలినదాంట్లో సగం పూలకుండీలకు. ఇంకా ఏమైనా మిగిలితే శుభ్రతకు. రికార్డుల్లో ఎక్కడైనా ప్రతికూల పదం కనిపిస్తే నక్షత్రం కోత.

సంచాలకులు ఆ ఉత్తర్వును కళ్లకు అద్దుకున్నంత పని చేశారు. అందరినీ సమావేశపరిచి ఇలా సెలవిచ్చారు.

"శుభ్రత అనేది మౌలికంగా ఒక భావన. భావనకు ఆధారం పదం. పదం శుభ్రమైతే పదార్థం దానంతటదే శుభ్రమవుతుంది. ఇంతకాలం మనం పదార్థం వెంట పడి కాలం వృథా చేసుకున్నాం."

చప్పట్లు కొట్టాం. అలా పరిభాషా సంఘం పుట్టింది. దానికి నిపుణుడిగా ఆచార్య భుజంగరావు గారిని పిలిపించారు. ఆయన కళాశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న పండితుడు. విశ్రాంతి ఆయనదే గాని, ఎదుటివాళ్లకు ఉండేది కాదు.

మొదటి సమావేశానికి క్షేత్ర ప్రతినిధిగా సూరీడమ్మను రప్పించాం. తన సరంజామా అంతా తెచ్చి బల్ల మీద పెట్టమంటే నిజంగానే బల్ల మీద పెట్టింది. అధికారులంతా కాఫీ కప్పులు చేతుల్లోకి తీసుకున్నారు.

చీపురుకు 'హస్తచాలిత రజోనివారిణి' అని పేరు పెట్టడానికి ఎంతో సేపు పట్టలేదు. బకెట్టు 'హస్తవాహ్య జలపాత్ర' అయింది. తోముడు బ్రష్షు 'హస్తప్రేరిత ఘర్షణి'. తర్వాత సూరీడమ్మ, కర్రకు నూలు పీచుల కుచ్చు ఉన్న వస్తువును పైకెత్తింది.

"ఇదేమిటమ్మా?" అన్నారు ఆచార్యులు.

"మాపు బాబూ."

ఆచార్యుల కళ్లు చెమర్చాయి. "మాపు! ఎంత అచ్చమైన తెలుగు మాట! రేపు, మాపు. మాపటేళ. ఈ తల్లి నోట ఇన్నాళ్లకు విన్నాను. దీన్ని మార్చడానికి వీల్లేదు. ఇలాగే ఉంచాలి."

నేను చిన్నగా దగ్గి, "అది ఇంగ్లీషు మాటండీ. మాప్. మనవాళ్లు చివర ఉకారం తగిలించారు" అన్నాను.

"సభ్య కార్యదర్శి గారూ, మీ పని రాయడం. వ్యుత్పత్తి నాకు వదిలేయండి."

"మాపంటే మాపే బాబూ," అంది సూరీడమ్మ. "కర్రకి గుడ్డ ఉంటాది. నీలల్లో ముంచి నేల తుడుత్తాం. సాయంత్రవేటి, పొద్దున్నేటి."

"కర్రకు గుడ్డ ఉండడం అర్వాచీన ప్రయోగం తల్లీ. మూలార్థం సాయంకాలమే. పూర్వం మన వాళ్లు సాయంకాలం నేల తుడిచేవారు కాబట్టి ఆ పనికి, ఆ పనిముట్టుకు ఆ పేరు వచ్చింది. మనం మూలానికి వెళ్దాం."

నేను పదకోశంలో రాశాను. 'మాపు అనగా సాయంకాలము. సాయంకాలమున జరుపు భూతలార్ద్రీకరణ ప్రక్రియకు సైతము ఇదే పేరు.' సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. పదకోశంలో ఎలా ఉందో పని అలాగే జరగాలని ఉత్తర్వులోనే ఉంది. కాబట్టి అంతవరకూ పొద్దున్నే, కార్యాలయాలు తెరవకముందే అయిపోయే మాపు, ఆ మర్నాటి నుంచి సాయంత్రం పెట్టడం మొదలైంది. అంటే సరిగ్గా అన్ని కార్యాలయాలూ వదిలే వేళ, భవనంలోని జనమంతా బస్సు అందుకోవాలని పరుగెత్తే వేళ.

ఇక సంఘానికి రుచి మరిగింది. మురికి అనే మాట ప్రతికూలం కాబట్టి దాన్ని తొలగించారు. మురికి అంటే ఏమిటి? ఉండవలసిన చోట ఉండక మరోచోట ఉన్న పదార్థం. పొలంలో ఉంటే మట్టి, వరండాలో ఉంటే మురికి. తప్పు చోటుది గాని పదార్థానిది కాదు. కాబట్టి 'అస్థానస్థ పదార్థము'. అది ఏ స్థానానికి చెందిందో నిర్ధారణ కాకుండా తీసేయకూడదని ఆచార్యులు ఒక ఉపనిబంధన చేర్చారు. దాంతో వరండాలో మట్టి, భూమి కొలతల శాఖ వారి అభిప్రాయం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

మెట్ల మూలల్లో కిళ్లీ ఉమ్మిన మరకలు మా భవనానికి పాత అలంకారం. వాటికి ఏ పేరు పెట్టినా ప్రతికూలంగానే ధ్వనిస్తోందని సంఘం చాలా మథనపడింది. చివరికి సంచాలకులే దారి చూపారు. "అది ఎవరు చేశారు? ప్రజలు. ఎందుకు చేశారు? ఇక్కడ జరిగే పని పట్ల తమ మనసులోని మాట చెప్పడానికి. అది ప్రజాస్పందన." అలాగే రాశాం. ప్రజాస్పందనను తుడిచివేయడం అప్రజాస్వామికం కనుక ఆ మరకల చుట్టూ తెల్ల రంగుతో చట్రాలు గీయించాం.

మరుగుదొడ్డికి 'నిర్గమ మందిరము' అని బోర్డు పెట్టించాం. మారుమూల పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆ బోర్డు చూసి చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లడం మొదలుపెట్టారు. మందిరం అనే మాట ఒక్కటే వాళ్లకు తెలిసింది పాపం. ఒకసారి గుమ్మం ముందు ఎవరో అగరవత్తులు కూడా గుచ్చి వెళ్లారు. కడుపు నొప్పితో పరుగున వచ్చిన పెద్దాయన ఒకాయన ఆ చెప్పుల వరస చూసి, ఇదేదో గుడి అనుకుని దండం పెట్టి, భవనం వెనక్కి వెళ్లాడు. ఈ విషయం నేను సంచాలకులకు విన్నవిస్తే ఆయన ఎంతో సంతోషించారు. పరిభాష వల్ల ప్రజల్లో భక్తి పెరుగుతోందని నివేదికలో రాయమన్నారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఊరికే అనలేదు పెద్దలు. మాది దిబ్బ కూడా కాదు, దిబ్బ అనే మాటను కూడా తీసేశాం.

చివరికి మనుషుల వంతు వచ్చింది. స్వీపర్లు అనే మాట హీనంగా ఉందని సంచాలకులు కంటతడి పెట్టుకున్నారు. ఆచార్యులు లేచి నిలబడి, వాళ్లను 'భూతల సాధకులు' అని పిలవాలని ప్రతిపాదించారు. నేల మీద వంగి చేసే పని తపస్సు కాక మరేమిటి? ఆ రోజు వాళ్లందరికీ తలా ఒక అరటిపండు ఇచ్చి, ఛాతీ మీద ఆ పేరున్న చీటీలు గుచ్చాం.

"ఇదేటి బాబూ?" అని సూరీడమ్మ చీటీ తిప్పి చూసుకుంది.

"నీ కొత్త హోదా అమ్మా. సాధకురాలివి."

"ఏటి సాదించానని?"

చప్పట్లు కొట్టి సభ ముగించాం.

కొన్నాళ్లకు సూరీడమ్మ మా గదికి వచ్చింది. ఆమెది ఎప్పుడూ పోట్లాడే గొంతు. ఆ రోజు మాత్రం కాస్త తగ్గి మాట్లాడింది.

"బాబూ, సాయంత్రం పూట జనం తొక్కుతా ఉంటే నాను తుడుత్తా ఉన్నాను. ఆల కాళ్ల కింద నీలు, నా కాళ్ల కింద సబ్బు నీలు. ఈ నల్లరాయి మీద కాలు నిలవడం లేదు. నాకూ, మావోలందరికీ రబ్బరు బూట్లిప్పించండి. లేదంటే పొద్దున్నే తుడవనీండి. పుణ్యవుంటాది."

న్యాయమైన కోరిక. నేను సిఫారసు రాసి సంఘం ముందు పెట్టాను. ఆచార్యులు చదివి నివ్వెరపోయారు.

"సాధకులకు పాదరక్షలా? సాధన ఎక్కడైనా చెప్పులతో చేస్తారా? స్వీపరు అడిగి ఉంటే అది వేరే సంగతి. స్వీపర్లకు బూట్లు ఇవ్వవచ్చునని పాత నిబంధన కూడా ఉంది. కానీ ఇప్పుడు మన దగ్గర స్వీపర్లు లేరే!"

"పొద్దున్నే మాపు పెట్టుకుంటామంటున్నారండీ," అన్నాను.

"పొద్దున సాయంకాలం ఎలా అవుతుంది? భాషకు ఒక మర్యాద ఉంది," అన్నారు సంచాలకులు.

అలా సూరీడమ్మ గౌరవం పెరిగి బూట్లు పోయాయి. కానీ సంఘం ఆమె గోడును బొత్తిగా పెడచెవిన పెట్టిందనడం అన్యాయం. జారకుండా ఒక ఏర్పాటు చేశారు. అంతకుముందు తడి నేల మీద 'తడి నేల, జాగ్రత్త' అని పసుపుపచ్చ ప్లాస్టిక్ బోర్డు ఒకటి పెట్టేవారు. తడి ప్రతికూలం, జాగ్రత్త అంతకంటే ప్రతికూలం. అందుకని కొత్త బోర్డు రాయించారు. 'ఆర్ద్రతల ఘర్షణాల్పత్వ సంసూచిక.' ఏమిటా అని జనం సరిగ్గా ఆ తడిలోనే ఆగి, కూడబలుక్కుని చదివి, మొదటి మాట పూర్తయ్యేలోపు జారేవారు. చదువు రానివాళ్లు మాత్రం ఆగకుండా క్షేమంగా దాటిపోయేవారు.

ఒక సాయంత్రం ఆ బోర్డు చదువుతూ జారిన ఒక ముసలాయనను పట్టుకోబోయి సూరీడమ్మ పడింది. ముసలాయన ఆమె మీద పడ్డాడు కాబట్టి ఆయనకేమీ కాలేదు. ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

పిండికట్టు వేయించుకుని మర్నాడే వచ్చింది. కాంట్రాక్టరు ఆమెకు ఒకటే మాట చెప్పాడట. పనిలో ఉండగా పడ్డావని ఆఫీసు వాళ్ల దగ్గర కాగితం తెస్తే చెయ్యి బాగయ్యేదాకా నీ పని నీకు ఉంచుతాను. లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాను.

"నా ఇంట్లో పనిసేసే సెయ్యి ఇదొక్కటే బాబూ," అంది. "మా ఆయన పక్షవాతంతో మంచం మీదున్నాడు. ఒక్క ముక్క రాయండి. నాను జారి పడ్డానని. అబద్దం కాదు గదా."

అబద్ధం కాదు. నేనక్కడే ఉన్నాను, చూశాను. కలం కూడా తీశాను. కానీ కాగితం పదకోశం ప్రకారం ఉండాలి. జారుట ప్రతికూలం, పడుట ప్రతికూలం, విరుగుట మరీ ప్రతికూలం. సంచాలకుల దగ్గరికి వెళితే ఆయన ఎంతో సానుభూతితో ఆచార్యుల వారికి ఫోను చేశారు. ఆచార్యులు ఆమె ఎలా పడిందో వివరంగా అడిగి తెలుసుకుని, బోర్లా పడింది అన్నాక పదం అందించారు.

'భూతల సాధకురాలు శ్రీమతి సూరీడమ్మ విధి నిర్వహణలో సాష్టాంగ స్థితిని పొందినది.'

నేనిది ఆమెకు చదివి వినిపించాను. "సాష్టాంగవంటే దండవెట్టడం కాదేటి?" అంది అనుమానంగా. కాంట్రాక్టరుకూ అదే అనుమానం వచ్చింది. అతను కాగితం తిప్పి పంపాడు. దండం పెట్టడం ఎవరిష్టం వాళ్లది, దానికి ఎవరో బాధ్యత వహించడం ఏమిటి, అని వెనకవైపు రాశాడు. అతను రాసింది వ్యాకరణ దోషం లేకుండా ఉందని ఆచార్యులు మెచ్చుకున్నారు.

ఆ తర్వాత సూరీడమ్మ రోజూ వచ్చి వరండా చివర మెట్టు మీద కూర్చునేది. కాగితం మారుస్తారేమోనని ఆశ. నేను అటు వెళ్లవలసి వస్తే చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ని. ఆమె మొహం చూడ్డానికి నాకు మొహం చెల్లలేదు.

నక్షత్రాలిచ్చే అధికారిణి వచ్చే రోజు రానే వచ్చింది. రాజధాని నుంచి కారులో వచ్చేసరికి సాయంత్రమైంది. సంచాలకులు పూలదండతో ఎదురెళ్లి, గుమ్మం దగ్గర నుంచీ పదకోశం వినిపిస్తూ తీసుకొచ్చారు. ఆవిడ చట్రాల్లోని ప్రజాస్పందనను చూసి ముచ్చటపడి ఫోటోలు తీసుకుంది. నిర్గమ మందిరం ముందు తనూ చెప్పులు విప్పబోతుంటే నేను ఆపాను. వరండాలో అప్పుడే మాపు పెట్టి ఉంది. గ్రానైటు అద్దంలా మెరుస్తోంది.

మెట్టు మీద కూర్చున్న సూరీడమ్మ సంచాలకులు అటు నడవడం చూసింది. ఆయన మీద ఆమెకు ఎంత కోపం ఉండాలి! అయినా ఒక్క ఉదుటున లేచి అరిచింది.

"బాబూ, తడి! తడి! అటెల్లకండి!"

అధికారిణి ఎదురుగా ప్రతికూల పదం. అదీ రెండుసార్లు. సంచాలకుల మొహం మాడిపోయింది. నడక ఆపకుండానే ఆమె వైపు తిరిగి, వేలు చూపిస్తూ, ఓపికగా సరిదిద్దారు.

"తడి కాదమ్మా. ఆర్ద్ర…"

మిగతా సగం ఆయన వెల్లకిలా పడ్డాక కూడా వినబడలేదు. అనంతశయనం అని ఆయనకు పేరు పెట్టిన పెద్దలు ఎక్కడున్నారో గాని, చూసి ఉంటే తృప్తి పడేవారు. అధికారిణి కలం పట్టుకుని నా వైపు చూసింది. ఏమని రాయాలి? బోర్లా పడితే సాష్టాంగం ఉంది. వెల్లకిలా పడితే మా దగ్గర మాట లేదు. సంచాలకులే మమ్మల్ని ఆదుకున్నారు.

"ఓరి నాయనో! జారి పడ్డానురా! నడుం విరిగిందిరా! ఎవరైనా లేవదీయండ్రా!"

అంత చక్కటి తెలుగు ఆయన నోట నేను అదే మొదటిసారి వినడం.

ఆసుపత్రి మంచం మీద నుంచే ఆయన అత్యవసర సమావేశం పెట్టారు. ఆయనకూ సెలవు కావాలి, వైద్యం కావాలి. వాటికి కాగితం కావాలి. కాగితంలో ఆయన అధికారిణికి సాష్టాంగపడినట్టు రాస్తే పరువు పోతుంది. ఆచార్యులు క్షణం కూడా ఆలోచించలేదు. జారిపడుట ప్రాచీన కాలం నుంచి శిష్టుల వాడుకలో ఉన్న పదమేనని, అందులో ప్రతికూలత ఏమీ లేదని తేల్చారు. పదకోశంలో చేర్చాం. అలాగే సంఘ సభ్యులందరికీ, నాతో సహా, అడుగున రబ్బరున్న బూట్లు మంజూరయ్యాయి. మాకు సాధకులమన్న హోదా లేదు కనుక అడ్డంకి రాలేదు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాట వచ్చేసింది కదా, ఇక సూరీడమ్మ కాగితం రాయడానికేం? ఆ రోజే రాసి సంతకానికి పట్టుకెళ్లాను. సంచాలకులు దిండ్లకు చేరగిలబడి చదివి, తల అడ్డంగా ఊపారు.

"కొత్త పదం చేర్చిన తేదీ నుంచే అమల్లోకి వస్తుంది. నా కేసు కోసం ఒక్కరోజు వెనక్కి జరపడానికే ఎంత కష్టమైందో మీరూ చూశారు. అంతకు ముందు ఈ భవనంలో ఎవరూ జారి పడలేదు. పడినట్టు ఒప్పుకుంటే వచ్చిన నక్షత్రాలు పోతాయి."

అవునండీ, నక్షత్రాలు వచ్చాయి. అన్నీ వచ్చాయి. గుమ్మం మీద ఇత్తడివి బిగించాం. అవి బిగించిన రోజే సూరీడమ్మ చోట కాంట్రాక్టరు ఇంకొకామెను పెట్టాడు. ఆమె కూడా వట్టి కాళ్లతోనే సాధన మొదలుపెట్టింది, సాయంత్రం పూట.

సూరీడమ్మ చివరిసారి మా గదికి వచ్చింది. ఆచార్యులు కూడా అక్కడే ఉన్నారు. విషయం నేనే చెప్పాను. నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది.

"అయితే ఏటి బాబూ, మళ్లీ పడమంటారా?" అంది.

ఆచార్యులు నిబంధనలు తిరగేసి, "అభ్యంతరం ఉండదు. కానీ ఇప్పుడు నువ్వు పనిలో లేవు కదమ్మా. ఆ పడడం సందర్శకుల కింద వస్తుంది," అన్నారు.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కుర్చీలో కూర్చుంది. మా గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు. పిండికట్టున్న కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి తెచ్చి నా బల్ల మీద, పదకోశం పక్కన పెట్టింది.

"సరే. నాను పడలేదు. నాను పడకపోతే ఇరిగిపోయిన ఈ సెయ్యి నాది కాదు. మీదే అయ్యుంటాది. మీకాడే ఉంచుకోండి. పనిసేసే నా సెయ్యి నాకిచ్చీండి, ఎల్లిపోతాను." ఎడంచేత్తో పదకోశాన్ని నా వైపు జరిపింది. "దీన్నేటంటారో మీ పుస్తకంలో సూసి సెప్పండి."

ఆచార్యులు కిటికీ వైపు తిరిగారు. ఆమె కళ్లలోకి చూడలేక పదకోశం తెరిచాను. మొదటి పుట నుంచి చివరి పుట దాకా వెతికాను. చేత్తో ఊడ్చేవి ఉన్నాయి, చేత్తో మోసేవి ఉన్నాయి, చేత్తో తోమేవి ఉన్నాయి.

చెయ్యి లేదు.